19 వేల వరి వంగడాల కాపరి డాక్టర్ రాధేలాల్ రిఛారియా

వైశాఖ శుద్ధ తదియ నాడు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో అక్తి పండుగ జరుగుతుంది. మన అక్షయ తృతీయే అది. అయితే అక్కడి రైతుకు ఆ రోజుతో ముడిపడినది బంగారం కాదు, విత్తనం. ఇంటింటి నుంచి ఆకు దొన్నెల్లో కొద్దికొద్దిగా వడ్లు తెచ్చి గ్రామదైవం ఠాకూర్ దేవ్ ముందు ఉంచుతారు. ఊరి పూజారి బైగా ఆ గింజలను కలిపి, దుక్కి దున్ని విత్తు చల్లే తంతు జరిపి, పిడికెడు చొప్పున తిరిగి పంచుతాడు. ఆ గింజలు ఇంటి విత్తనంలో కలిశాకే కొత్త సేద్యపు సంవత్సరం మొదలవుతుంది.

భిలాయి ఉక్కు నగరం చుట్టూ ఉన్న దుర్గ్ జిల్లా పల్లెల్లోనూ ఈ ఆచారం ఉంది. సోవియట్ యూనియన్ సహకారంతో కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరే నాటికి ఆ నేలలో చాలా భాగం వరి పొలమే. పని వెతుక్కుంటూ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ నగరపు సెక్టార్లలో స్థిరపడ్డాయి. కొలిమి వెలుగుకు అలవాటు పడిన వారిలో చాలామందికి, తూర్పున 30 కిలోమీటర్ల దూరంలో రాయపూర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్న మరో సంపద గురించి తెలియకపోవచ్చు. అక్కడి శీతల గదుల్లో 20 వేలకు పైగా వరి రకాల విత్తనాలు భద్రంగా ఉన్నాయి. ఒక్క దేశపు ఒక్క మూల నుంచి ఇన్ని వరి రకాలు ఒకచోట చేరడం ప్రపంచంలోనే అరుదు. వాటిలో అధిక భాగాన్ని ఊరూరా తిరిగి సేకరింపజేసిన వ్యక్తి డాక్టర్ రాధేలాల్ హరేలాల్ రిఛారియా. ఆ సేకరణ కోసం ఆయన చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు.

రిఛారియా 1909లో మధ్య భారతంలో జన్మించారు. వృక్షశాస్త్రం చదివి, ఇంగ్లండ్ వెళ్లి 1930వ దశకంలో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందారు. మొక్కల వంశపారంపర్య లక్షణాల శాస్త్రం అప్పటికి ఇంకా యవ్వనంలో ఉంది. రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ ప్రపంచమంతా తిరిగి, పంట మొక్కలు ఎక్కడ పుట్టాయో అక్కడే వాటి వైవిధ్యం అత్యధికంగా ఉంటుందన్న సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. వావిలోవ్ గుర్తించిన జన్మస్థానాల్లో భారతదేశం ఒకటి. ఆ తరం భారతీయ వృక్షశాస్త్రవేత్తలకు తమ కాళ్ల కింది నేలను కొత్త కళ్లతో చూడడం నేర్పిన ఆలోచన అది. స్వదేశానికి తిరిగి వచ్చిన రిఛారియా బీహార్‌లోని సబౌర్ వ్యవసాయ కళాశాలతో సహా పలు చోట్ల పనిచేశారు. భారతదేశంలో మొక్కల ప్రజననం, జన్యుశాస్త్రం అనే విషయం మీద 1945లో ఒక గ్రంథం వెలువరించారు. పరిశోధకుడిగా ఆయన పేరు స్థిరపడింది ఆ కాలంలోనే.

1959 ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంవత్సరం. భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రారంభించారు. అదే ఏడాది రిఛారియా కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. ఆ సంస్థ పుట్టుక వెనుక ఒక విషాదం ఉంది. 1942లో బెంగాల్ వరిని గోధుమరంగు మచ్చ తెగులు ఊడ్చివేసింది. మరుసటి ఏడు వచ్చిన కరవుకు యుద్ధకాలపు పాలన, ధరలు, నిల్వల విధానం పెద్ద కారణాలే అయినా, వరి మీద దేశానికంతటికీ ఒక పరిశోధన కేంద్రం ఉండాలన్న ఆలోచనకు ఆ తెగులే ఆయువు పోసింది. 1946లో ఆ కేంద్రం ఏర్పడింది.

రిఛారియా అక్కడికి వెళ్లే నాటికి ఆ సంస్థ చేస్తున్న పనుల్లో ఒకటి తెలుగువారికి చాలా దగ్గరిది. 1955 నుంచి కొన్నేళ్ల పాటు జయపురం ప్రాంతంలో, అంటే మన ఉత్తరాంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న కోరాపుట్ కొండల్లో, దేశవాళీ వరి రకాల సర్వే జరిగింది. ఆదివాసీ రైతుల నుంచి 1,700కు పైగా రకాలు సేకరించారు. సాగు వరికి ద్వితీయ జన్మస్థానాల్లో ఒకటిగా జయపురం ప్రాంతాన్ని శాస్త్రవేత్తలు గుర్తించడానికి ఆ సర్వే ఆధారమైంది. దానిలో ముఖ్యపాత్ర వహించిన ఎస్. గోవిందస్వామి తరువాతి కాలంలో రిఛారియాకు సహ రచయిత అయ్యారు. రైతు చేతిలోని విత్తనమే పరిశోధనకు మొదటి పుస్తకం అన్న పట్టుదల కటక్ రోజుల్లోనే రిఛారియాలో బలపడింది.

ఆయన ప్రయోగాల్లో వరి పిలకలను విడదీసి నాటే పద్ధతి ఒకటి. మొక్క పిలకలు వేశాక ఒక్కో పిలకను వేరుచేసి మళ్లీ నాటితే, ఒకే గింజ నుంచి ఎన్నో మొక్కలు వస్తాయి. అన్నీ తల్లి మొక్కకు అచ్చు నకళ్లు. రెండు రకాలను సంకరం చేసినప్పుడు మొదటి తరంలో వచ్చే బలాన్ని గింజ ద్వారా తరువాతి తరానికి అందించలేం. పిలక ద్వారా అయితే కొంతకాలం నిలుపుకోవచ్చు. ప్రతి ఏటా కొత్త సంకర విత్తనం కొనే అవసరం లేకుండా రైతు తన మడిలోనే ఆ లాభం పొందగలడని ఆయన భావించారు. శ్రమ ఎక్కువైన ఈ పద్ధతి విస్తృతంగా అమలు కాలేదు. అయినా ఆయన ఆలోచన ఎటు నడిచిందో దీనివల్ల తెలుస్తుంది. పరిశోధన ఫలితం ఎలాంటిదైనా అది రైతును మరొకరి మీద ఆధారపడేలా చేయకూడదన్నది ఆయన కొలబద్ద.

ఆ కొలబద్దే ఆయనను సంఘర్షణలోకి నెట్టింది. 1960లో ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ల సహాయంతో ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఏర్పడింది. 1960ల మధ్యలో తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్-1 అనే పొట్టి రకం, ఆ తరువాత ఫిలిప్పీన్స్ నుంచి 1966లో విడుదలైన ఐఆర్-8 మన దేశంలోకి వచ్చాయి. దేశం అప్పుడు వరుస కరవులతో, ఓడల్లో వచ్చే అమెరికా గోధుమలతో కాలం వెళ్లదీస్తోంది. ఎరువు వేస్తే దేశవాళీ పొడవు వరి పడిపోతుంది. పొట్టి వరి నిలబడుతుంది, ఎక్కువ గింజ కడుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటకు చెందిన రైతు నెక్కంటి సుబ్బారావు 1967లో ఐఆర్-8ను సాగుచేసి చూపిన వైనం తెలుగునాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆనాటి ఆకలిని గుర్తు పెట్టుకోకుండా ఈ కథలో ఒక పక్షాన్ని పూర్తిగా దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు.

రిఛారియా అభ్యంతరం వేరు. బయటి నుంచి వచ్చే విత్తనాన్ని తగినంత కాలం విడిగా ఉంచి పరీక్షించకుండా లక్షల ఎకరాల్లో చల్లితే, దానితో పాటు కొత్త తెగుళ్లు, పురుగులు వస్తాయని ఆయన హెచ్చరించారు. ఒకే పొట్టి జన్యువు మీద నిలబడిన పంట దేశమంతా పరచుకుంటే, ఒక తెగులుకు లొంగినది అన్ని చోట్లా లొంగుతుందని వాదించారు. మన వర్షాధార భూముల వైవిధ్యానికి తగిన పొట్టి రకాలు మన సేకరణల్లోనే వెతకవచ్చన్నది ఆయన మాట. కటక్ సేకరణలోని విత్తనాలను షరతులు లేకుండా విదేశీ సంస్థకు అప్పగించడానికీ ఆయన సుముఖంగా లేరు. తరువాతి సంవత్సరాల్లో ఏం జరిగిందో వ్యవసాయ శాస్త్ర చరిత్రలో ఉంది. పచ్చదోమ మోసుకొచ్చే టుంగ్రో వైరస్ 1960ల చివర్లో తూర్పు, ఉత్తర భారతంలో కొత్త రకాలను గట్టిగా దెబ్బతీసింది. పరిశోధకులు అటు తరువాత తెగుళ్లను తట్టుకునే లక్షణాల కోసం వెతుక్కుంటూ వెళ్లినది దేశవాళీ రకాల దగ్గరికీ, అడవి వరి దగ్గరికే.

కానీ అప్పటికి రిఛారియా కటక్‌లో లేరు. ఆయనను నిర్బంధంగా పదవీ విరమణ చేయించారు. ఒక శాస్త్రవేత్త ప్రభుత్వంతో వ్యాజ్యానికి దిగడం ఆ రోజుల్లో ఊహకందని విషయం. ఆయన దిగారు. ఒరిస్సా హైకోర్టులో మూడేళ్ల పాటు పోరాడారు. ఆ పోరాటంలో ఇల్లు ఆర్థికంగా చితికిపోయిందనీ, పిల్లల చదువులు దెబ్బతిన్నాయనీ, భార్య ఆరోగ్యం క్షీణించిందనీ ఆయన గురించి విస్తృతంగా రాసిన పర్యావరణ రచయిత క్లాడ్ అల్వారిస్ నమోదు చేశారు. 1970లో న్యాయస్థానం రిఛారియాకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన వయసు 60 దాటింది. గెలుపు కాగితం చేతికి వచ్చింది కానీ, పోయిన సంవత్సరాలు రాలేదు.

మరొకరైతే అక్కడితో విశ్రమించేవారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆయనను వ్యవసాయ సలహాదారుగా తీసుకుంది. రాష్ట్రంలో వరి అధికంగా పండేది ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోనే కాబట్టి, రాయపూర్‌లో మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థ రూపుదిద్దుకుంది. పేరు పెద్దది. అల్వారిస్ వివరాల ప్రకారం సంస్థకు ఏడాదికి 20 వేల రూపాయల బడ్జెట్, ఇద్దరు వ్యవసాయ పట్టభద్రులు, నెలకు 250 రూపాయల జీతం మీద ఆరుగురు గ్రామస్థాయి కార్యకర్తలు. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కూడా లేదు. చుట్టూ బియ్యపు మిల్లులు. ఈ పరివారంతోనే 1970వ దశకంలో ఆయన 19 వేలకు చేరువైన వరి నమూనాలను సేకరించి, పెంచి, వివరాలు రాయించారు.

ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు. అయితే ఆ గిన్నెలో నేల అంతటా ఒకటి కాదు. ఎత్తున ఎర్రటి కంకర నేల భాటా. దాని దిగువన పసుపు ఛాయ గల తేలిక నేల మటాసీ. ఆపైన మధ్యరకం డోర్సా. పల్లంలో నీరు పట్టి ఉంచే నల్లరేగడి కన్హార్. ఒకే రైతుకు ఈ నాలుగు నేలల్లోనూ ముక్కలు ఉండవచ్చు. భాటాలో వేసేది వర్షాలు ఆగకముందే పండాలి. కన్హార్‌లో వేసేది కార్తికం దాటినా నిలవాలి. కాబట్టి రైతు ఇంట్లో ఒక రకం చాలదు, నాలుగైదు కావాలి. ఆ పైన పండుగకు సువాసన బియ్యం వేరు, అటుకులకు వేరు, బొరుగులకు వేరు, కూలికి ఇచ్చే ముతక బియ్యం వేరు. వేల రకాలు ఎందుకు ఉన్నాయన్న ప్రశ్నకు జవాబు రైతుల మోజులో లేదు, ఆ నేల మెట్లలో, వాన లెక్కల్లో, వంటింట్లో ఉంది.

సేద్యపు పద్ధతి కూడా విత్తనాన్ని మలిచింది. అక్కడ ఎక్కువ భాగం వెదజల్లి పండించే వరి. పైరు నెల రోజులదైనాక, మడిలో జానెడు నీరు నిలిచిన సమయంలో, ఎదిగిన పైరులోనే నాగలితో తేలికగా దున్నుతారు. దీన్ని బియాసీ అంటారు. తొలిసారి చూసిన కోస్తా రైతుకు గుండె ఆగినంత పనవుతుంది. కానీ ఆ దున్నుడులో కలుపు నశిస్తుంది, ఒత్తుగా ఉన్న పైరు పలచబడుతుంది, మిగిలిన మొక్క బలంగా లేస్తుంది. నాగలి కింద నలిగి లేవగల వరి ఒక ప్రత్యేక జాతి. తరాల ఎంపికలో అది తయారైంది. పొలంలో కర్గా అనే కలుపు వరి మరో బెడద. వెన్ను తీసే దాకా అసలు పైరుకు, దానికి తేడా తెలియదు. గింజ పండగానే రాలిపోయి మరుసటి ఏటికి మళ్లీ మొలుస్తుంది. దీనికి రైతులు కనిపెట్టిన ఉపాయం ఊదారంగు ఆకు గల వరి. ఆ రకం వేసిన ఏడు పచ్చగా కనిపించేదంతా కర్గాయే, చిన్నప్పుడే పీకి పారేయవచ్చు. ఇటువంటి తెలివిని రిఛారియా తన పుస్తకాల్లో శ్రద్ధగా నమోదు చేశారు. రైతును ఆయన తన తోటి ప్రజననకారుడిగా చూశారే తప్ప, సలహా పుచ్చుకునే వ్యక్తిగా చూడలేదు.

సేకరించిన పేర్ల జాబితా చదవడమే ఒక అనుభవం. దుబ్‌రాజ్, విష్ణుభోగ్, బాద్‌షాభోగ్, జీరాఫూల్, జవాఫూల్ సువాసన గల సన్నాలు. గుర్మటియా, సఫ్రీ, లుచాయీ నిత్య భోజనానివి. పాలకోవా రుచిని తలపించేది ఖోవా. ముసలివాడు-ముసలమ్మ అని అర్థం వచ్చే డోక్‌రా-డోక్‌రీ గింజ అసాధారణంగా పొడవు. గఠువన్ బియ్యాన్ని కీళ్ల నొప్పులు ఉన్నవారికి వండి పెడతారు. లాయిచాను చర్మ వ్యాధులకు మంచిదంటారు. ఇక పసహర్ అనేది దున్నకుండా, విత్తకుండా చెరువు గట్లలో తనంతట తాను మొలిచే వరి. శ్రావణ భాద్రపదాల నడుమ వచ్చే కమర్‌ఛఠ్ వ్రతం నాడు పిల్లల క్షేమం కోరే తల్లులు నాగలి తాకని ఆ అన్నమే తింటారు. అడవి వరిని బ్రతికించినది శాస్త్రవేత్తలే కాదు, ఆ తల్లులు కూడా.

విత్తనాలను సేకరించడం కష్టమైన పనే. వాటిని బ్రతికించడం అంతకంటే కష్టం. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు. విత్తనపు గింజలోనూ ప్రాణం ఉంది, అది శ్వాసిస్తుంది, వయసు మీద పడి చస్తుంది. ఇప్పటి విత్తన నిధుల్లో గింజను 5 నుంచి 7 శాతం తేమకు ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో సీలు వేసి, మధ్యకాలిక నిల్వకు 4 డిగ్రీల వద్ద, దీర్ఘకాలానికి సున్నాకు 18 డిగ్రీల దిగువన ఉంచుతారు. కొన్నేళ్లకు ఒకసారి మొలక శాతం పరీక్షించి, తగ్గితే పొలంలో వేసి కొత్త విత్తనం తీస్తారు. రిఛారియా దగ్గర అంత శీతల వసతి లేదు. మామూలు గదిలో, మధ్య భారతపు వేసవి వేడికి, వానాకాలపు చెమ్మకు వడ్లు రెండు మూడేళ్లకు మించి నమ్మదగినవిగా ఉండవు. అంటే సేకరణను మళ్లీ మళ్లీ పొలంలో వేయవలసిందే. ఒక్కో రకానికి ఒక్కో చిన్న వరుస, దానికో సంఖ్య, దానికో చెక్క పలక.

ఆ పని ఎలాంటిదో ఊహిస్తే ఆరుగురు గ్రామ కార్యకర్తల శ్రమ అర్థమవుతుంది. జూన్‌లో వేల పొట్లాలు వరుస తప్పకుండా విత్తాలి. ఒక పొట్లం తారుమారైతే ఆ తరువాతి సంఖ్యలన్నీ తప్పుతాయి. మొలక రంగు, ఆకు వెడల్పు, పిలకల సంఖ్య, పొట్ట దశ, వెన్ను తీసిన తేదీ, గింజ మీద ముల్లు ఉన్నదీ లేనిదీ, ఊక రంగు, బియ్యం రంగు, వాసన రాసుకోవాలి. వరి చాలా వరకు తనలో తానే పరాగ సంపర్కం జరుపుకొనే మొక్క కావడం కొంత నయం. అయినా పక్క వరుస నుంచి కల్తీ చొరబడకుండా కేళీలు ఏరివేయాలి. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఒక్కో రకం ఒక్కో రోజు పండుతుంది కాబట్టి కోత ఒక్కసారి అయిపోదు. పక్షులు, ఎలుకలు సంఖ్యలు చూసి తినవు. ఒక సంవత్సరం నిర్లక్ష్యం చేస్తే పోయే రకం మళ్లీ దొరుకుతుందన్న భరోసా లేదు, ఎందుకంటే అది ఇచ్చిన ఊళ్లో ఈ లోపల సర్కారు విత్తనం వచ్చి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడి సమయాన ఆకలితో చనిపోతూ కూడా వావిలోవ్ సంస్థ ఉద్యోగులు విత్తనపు గింజలు ముట్టుకోలేదన్న చరిత్రను విత్తన రక్షకులు తరచూ తలచుకుంటారు. రాయపూర్‌లో ముట్టడి లేదు, మరణాలు లేవు. ఏటేటా జరిగే ఓపిక గల చాకిరి మాత్రమే ఉంది. అందుకే దాని గురించి తక్కువ మంది రాశారు.

సేకరణలోని 19 వేలూ ఒకదానికొకటి పూర్తిగా భిన్నమైనవని చెప్పలేం. ఒకే వరి రెండు ఊళ్లలో రెండు పేర్లతో, ఒకే పేరుతో రెండు వేర్వేరు వరులు చేరడం ఏ సేకరణలోనైనా సహజం. అయితే ఆ తేడాలు తేల్చడానికైనా ముందు గింజ చేతిలో ఉండాలి కదా. దేశవాళీ అంటే తక్కువ దిగుబడి అన్న నమ్మకాన్ని రిఛారియా అంకెలతో ఎదుర్కొన్నారు. ఆయన లెక్క ప్రకారం పరిశీలించిన రకాల్లో 8 నుంచి 9 శాతం హెక్టారుకు 3,705 కిలోలకు పైబడి పండేవే. అంటే వేల రకాల్లో వందలు. బస్తర్‌కు చెందిన మొక్‌డో వంటివి వాటిలో కొన్ని. ఈ మంచి రకాలను ఒక పెద్ద కేంద్రంలో దాచడం కాక, ప్రతి బ్లాకులోనూ ఒక చిన్న వరి పరిశోధన కేంద్రం పెట్టి, స్థానిక రైతుల ద్వారానే వాటిని పెంచి, ఎంపిక చేసి, పంచాలన్నది ఆయన ప్రణాళిక. శీతల గదిలోని గింజ ఆగిపోయిన గడియారం వంటిది. పొలంలోని గింజ మారుతున్న వానతో, కొత్త పురుగుతో పాటు మారుతూ వస్తుంది. ఈ రెండింటిలో ఏది ముఖ్యమన్న చర్చ ఈనాటికీ తెగలేదు. ఆయన మొగ్గు పొలం వైపే.

1970వ దశకం రెండో సగంలో రెండో దెబ్బ తగిలింది. మధ్యప్రదేశ్ వరి పరిశోధన సంస్థను మూసివేసి, దాని పనిని జబల్‌పూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి అప్పగించారు. ఒకే పని రెండు చోట్ల ఎందుకన్నది బయటికి కనిపించిన కారణం. విశ్వవిద్యాలయానికి ప్రపంచ బ్యాంకు ద్వారా రానున్న సుమారు 4 కోట్ల రూపాయల పథకానికి, ఈ మూసివేతకు సంబంధం ఉందనీ, సేకరణను అంతర్జాతీయ సంస్థతో పంచుకోవడానికి రిఛారియా నిరాకరించడమే అసలు కారణమనీ అల్వారిస్ ఆరోపించారు. మరోవైపు, ఫిలిప్పీన్స్ సంస్థ విత్తన నిధి ప్రపంచంలోనే అతి పెద్ద వరి నిధి. యుద్ధంలో విత్తనాలు కోల్పోయిన కంబోడియాకు ఆ దేశపు వరి రకాలను తిరిగి అందించినది ఆ నిధియేనన్న వాస్తవాన్ని కూడా చెప్పుకోవాలి. పంచుకోవడం తప్పా ఒప్పా అన్నది కాదు రిఛారియా ప్రశ్న. ఎవరి గింజ, ఎవరి అనుమతితో, ఏ షరతు మీద అన్నది. 1970లలో ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. జీవవైవిధ్యం మీద దేశాలకు హక్కు ఉందని ప్రపంచం రాసుకున్నది 1992లో, రియో ఒప్పందంతో.

సంస్థ మూతపడ్డాక ఆయన తన గదుల్లోకే వెళ్లలేకపోయారనీ, పరిశోధన పత్రాలు చేజారాయనీ అల్వారిస్ రాశారు. విత్తనాలు మాత్రం రాయపూర్‌లోనే ఉండిపోయాయి. 1987లో ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు ఆ సేకరణ దానికి సంక్రమించింది.

రిఛారియా భోపాల్‌లో శేషజీవితం గడిపారు. 1983లో ప్రధాని ఇందిరాగాంధీ కోరిక మేరకు వరి ఉత్పత్తి పెంపుదలపై ఒక కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి ఇచ్చారు. బ్లాకు స్థాయి కేంద్రాలు, దేశవాళీ రకాల ఎంపిక, పిలకల పద్ధతి అన్నీ అందులో ఉన్నాయి. మరుసటి ఏడు ఇందిరాగాంధీ హత్యకు గురికావడంతో ఆ ప్రణాళిక కదలలేదు. 1986లో ఇలస్ట్రేటెడ్ వీక్లీలో అల్వారిస్ వ్యాసం వెలువడడంతో ఆయన పేరు దేశమంతా తెలిసింది. దాని మీద వాదోపవాదాలు జరిగాయి. ఇన్నింటి మధ్య, 80 ఏళ్లు పైబడిన వయసులో, 1990లో గోవిందస్వామితో కలిసి భారతదేశపు వరి రకాల మీద సమగ్ర గ్రంథం ప్రచురించారు. ఏ ప్రభుత్వ సంస్థా కాక, మహారాష్ట్రలోని కర్జత్ దగ్గర కశేళె గ్రామంలో ఆదివాసీల మధ్య పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ దాన్ని వెలువరించింది. 1996లో రిఛారియా కన్నుమూశారు.

ఆయన మరణించిన ఆరేళ్లకు, 2002 చివర్లో, ఆ సేకరణ మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమై అప్పటికి రెండేళ్లు. స్విట్జర్లాండ్‌కు చెందిన బహుళజాతి విత్తన సంస్థ సింజెంటాతో విశ్వవిద్యాలయం ఒక ఒప్పందం కుదుర్చుకోబోతున్నదనీ, 20 వేలకు పైగా రకాలు ఆ సంస్థకు అందుబాటులోకి వస్తాయనీ పత్రికలు వెల్లడించాయి. సంకర వరి తయారీలో పరిశోధన సహకారం, ప్రతిఫలంగా రాయల్టీ అన్నది విశ్వవిద్యాలయం వైపు వాదన. రాయపూర్‌లో రైతు సంఘాలు, ప్రజా సంఘాలు రోడ్డెక్కాయి. తమ తాతలు దొన్నెల్లో పోసి ఇచ్చిన గింజలకు ఒప్పందం రాసే హక్కు ఎవరిదని అడిగాయి. డిసెంబరులో సింజెంటా వెనక్కి తగ్గింది. మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టాన్ని పార్లమెంటు 2001లోనే ఆమోదించినా, అమలు యంత్రాంగం ఇంకా నిలదొక్కుకోని సమయం అది. ఒక పాత విత్తన గది మీద అంతటి ప్రజాగ్రహం కలగడం దేశంలో అరుదైన సంఘటన.

ప్రస్తుతం విశ్వవిద్యాలయంలోని ప్రయోగశాలకు రిఛారియా పేరు ఉంది. పొలంలో రకాలను కాపాడే పనిని రాయపూర్ కేంద్రంగా రూపాంతర్ వంటి స్వచ్ఛంద సంస్థలు కూడా చేపట్టాయి. తెలుగునాట జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు చిరుధాన్యాల విత్తనాలను మట్టి కుండల్లో, బుట్టల్లో, వేపాకు, బూడిద వేసి భద్రపరచి, అప్పు పుచ్చుకున్న వారు మరుసటి ఏడు ఎక్కువ కొలతతో తిరిగి ఇచ్చే పద్ధతి నడిపారు. పద్ధతి వేరు, పంట వేరు. ఊరి విత్తనం ఊరి చేతిలో ఉండాలన్న పట్టు ఒక్కటే.

రాయపూర్ నిధి నుంచి రైతులకు తిరిగి వెళుతున్నవీ ఉన్నాయి. దుబ్‌రాజ్ మొక్క పొడవు, పంటకాలం ఎక్కువ, గాలికి పడిపోతుంది. అందుకే పొలాల్లో తగ్గిపోతూ వచ్చింది. భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి విశ్వవిద్యాలయం దానికి వికిరణం ద్వారా ఉత్పరివర్తనం కలిగించి, సువాసన పోకుండా పొట్టిగా, త్వరగా పండే రకాన్ని రూపొందించింది. సర్గుజా ప్రాంతపు జీరాఫూల్‌కు 2019లో, ధమ్‌తరీ జిల్లా నగరీ దుబ్‌రాజ్‌కు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. నగరీ దుబ్‌రాజ్ గుర్తింపు పత్రం ఒక మహిళా స్వయం సహాయక బృందం పేరిట ఉంది.